తీగ లేదన్న ఊరు

మధుసూదనరావు విమానం నడుపుతాడని 1978 నాటికి ఆదోని బజారులో తెలియనివాళ్లు తక్కువ. ఆ విమానంలో రెండో మనిషి కూర్చోవడానికి చోటు లేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు. పైలట్‌కు ఒక్క సీటు, దాని ముందు పురుగుమందు పోసే తొట్టి, రెక్కల కింద మందు చిమ్మే గొట్టాలు. అంతే విమానం. పత్తి మార్కెట్టు దగ్గర ఎదురైన దళారులు "ఏం సార్, ఒకదినం మమ్మల్ని గుడక ఎక్కిచ్చుకోని తిప్పరాదా?" అని అడిగితే, "మందు తొట్లో కూసుంటానంటే ఇప్పుడే రా అప్పా" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. తానూ నవ్వి, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ చేతులు ఎందుకు జేబుల్లో ఉంటాయో భార్య గంగాబాయికి ఒక్కదానికే తెలుసు.

మంత్రాలయం అవతల ఒక పల్లెలో పుట్టినవాడతను. తాతలది గుడి సేవ, తండ్రి వెంకోబారావుది బడిపంతులు ఉద్యోగం. కొడుకు హైదరాబాదు పోయి విమానం నేర్చుకుంటానంటే తండ్రి కాదనలేదు. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ప్రయాణికులను బొంబాయికీ ఢిల్లీకీ చేర్చే కొడుకును ఊహించుకున్నాడు. లైసెన్సు చేతికొచ్చేనాటికి దేశంలో పైలట్లు ఎక్కువయ్యారు, విమానాలు తక్కువయ్యాయి. ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి పైర్ల మీద మందు చల్లే ఒక కంపెనీలో చేరాడు. వెంకోబారావు ఆ పని ఏమిటో అడిగి తెలుసుకుని, "పురుగులకు మందు కొట్టేదానికి ఆకాశానికి ఎక్కల్నా? వీపుకు డబ్బా కట్టుకుంటే చాలదా?" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నిజానికి మధుసూదనరావు ఆకాశానికి ఎక్కిందే తక్కువ. పత్తి చెట్ల కొసలకు చక్రాలు తగులుతాయేమో అన్నంత కిందుగా ఎగరాలి. పైకి పోతే మందు గాలికి కొట్టుకుపోతుంది. చేనుకు ఈ కొసన ఒకడు, ఆ కొసన ఒకడు తెల్లజెండా పట్టుకుని నిలబడతారు. పైలట్ రెండు జెండాలనూ ఒక వరుసలో పెట్టుకుని, మందు వదులుతూ దూసుకుపోవాలి. చేను దాటగానే విమానం ముక్కు పైకెత్తి వెనక్కి తిరగాలి. అతను తిరిగొచ్చేలోగా జెండా మనుషులు నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడతారు. అలా ఒకసారి పోవడాన్ని ఆదోని జెండా మనుషులు సాలు అనేవాళ్లు, మడక తోలి నేల దున్నినట్టే. "ఈ సేనుకు ఇంకో మూడు సాళ్లు సార్" అనేవాళ్లు.

ఆ ఎత్తులో చెట్టు కనబడుతుంది. మిద్దె కనబడుతుంది. కరెంటు తీగ కనబడదు. స్తంభాలను చూసి వాటి మధ్య తీగ ఉంటుందని అనుకోవాలి, అంతే. స్తంభం లేకుండా చెట్టు నుంచి చెట్టుకు లాగిన తీగ ఉంటే దాన్ని తగిలాకే తెలుసుకోవాలి.

కిందటేడు కోస్తా పత్తిలో ఒక పైలట్ అట్లాగే తెలుసుకున్నాడు. మధుసూదనరావుతోపాటు లైసెన్సు తీసుకున్న మరాఠీ కుర్రాడు. వాడి సామాను ఇంటివాళ్లకు అప్పజెప్పే పని మధుసూదనరావు మీద పడింది. చేలో దొరికినవాటిలో చెడకుండా ఉన్నవి బూట్లు మాత్రమే. వాటిని గుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని, వాడి తల్లికి ఇచ్చి వచ్చాడు. తగిలిన తీగను కూడా చూశాడు. చిటికెన వేలంత లావు లేదు.

అప్పటినుంచి పొద్దున లేవగానే చేతులు వణికేవి. గంగాబాయి అది కనిపెట్టింది. ఏమీ అడగలేదు. కాఫీ సగం గ్లాసే పోసి ఇచ్చేది. అది తాగాక మిగతా సగం పోసేది. నిండు గ్లాసు ఇస్తే చొక్కా మీద ఒలుకుతుందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనుకోలేదు.

ఆ ఏడు ఆదోని, యెమ్మిగనూరు మధ్య బావుల కింద పత్తికి కాయతొలుచు పురుగు గట్టిగా పట్టింది. ఆదోని ఊరి బయట గట్టినేల చదును చేసి విమానం దిగే చోటు తయారుచేశారు. ఒక డేరా, మందు పీపాలు, నీళ్ల ట్యాంకరు, ఒక జీపు. జెండా మనుషులకు మేస్త్రీ పీరా సాబ్. ఆదోని కోటగడ్డ వైపు మనిషి, సగం జీవితం జిన్నింగు మిల్లులో దూది బేళ్లు మోశాడు. మందు కొట్టే ఊరికి ముందే వెళ్లి, వ్యవసాయ ఆఫీసరుతో కలిసి జీపులో చేలన్నీ తిరిగి, తీగలెక్కడున్నాయో అడిగి, ఉన్నచోట స్తంభానికి ఎర్రగుడ్డ కట్టించడం అతని పని.

నల్లదొడ్డి వెళ్లొచ్చి "ఆ ఊర్లో సేన్ల మీద తీగె అనేదే ల్యా సార్. అందర్నీ అడిగినాం. అల్లా సాక్షి" అన్నాడు పీరా సాబ్.

"బావులకు మోటార్లు ల్యావా?"

"ఒగటో రెండో ఉండాయి. ఊరి పక్కనే. స్తంభాలకు గుడ్డలు కట్టిచ్చినా."

మరునాడు పొద్దున మధుసూదనరావు నల్లదొడ్డి మీదికి వెళ్లాడు. ముందు శేషన్న చేను. శేషన్న ఆ ఊరి పెద్దమనిషి, ఊరిలో మొదట హైబ్రిడ్ పత్తి వేసింది ఆయనే. తూర్పు పడమరలుగా సాళ్లు తీద్దామనుకుని, పైన తూర్పుకు తిరిగినప్పుడు సూర్యుడు కళ్లలో పడుతుంటే మనసు మార్చుకుని ఉత్తరం నుంచి సాళ్లు తీశాడు. చేను పూర్తయింది. ఇక దాని పక్కనున్నది ఉరుకుందమ్మ చేను.

విమానం తిప్పి రెండు జెండాలనూ వరుసలోకి తెచ్చుకున్నాడు. మందు వదిలే పిడి మీద చెయ్యి పెట్టాడు. కిందికి దిగుతుండగా ముందున్న నేలలో ఏదో తళుక్కుమంది. నల్లరేగడి ఎండితే బూడిదరంగులో ఉంటుంది. ఇది నల్లగా ఉంది. సాళ్ల మధ్య నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. చేనంతా తడి.

వానలు పడి నెల దాటింది. ఈ పక్కకు మోటారు లేదన్నారు. తీగ లేదన్నారు. తీగ లేనిచోటికి నీళ్లు ఎట్లా వచ్చాయి?

ఆలోచన పూర్తికాకముందే చేతులు విమానం నడిపే కర్రను వెనక్కి లాగేశాయి. విమానం నిటారుగా లేచింది. లేచిన ఊపు అతన్ని సీటుకు అదిమేసింది. కింద పీరా సాబ్ జెండా ఊపుతున్నాడు, ఈడే, ఈడే అన్నట్టు. మధుసూదనరావు మళ్లీ అటు చూడలేదు. తొట్టిలో మిగిలిన సగం మందుతోనే ఆదోనికి తిరిగి వచ్చి దిగాడు. ఇంజను ఆపాడు.

ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ? ఇంజనా?"

"ఆ చేలో తీగ ఉంది."

"మీరు చూశారా?"

"చూళ్లేదు. తడి చూశాను."

ఆఫీసరుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒప్పుకోలేదు. ఎద్దులతో కపిల తోలి బావినీళ్లు పెట్టి ఉండొచ్చు గదా అన్నాడు. ఊరంతా కొట్టి ఒక్క చేను వదిలేస్తే ఆ చేలో పురుగే మళ్లీ ఊరంతా పాకుతుంది, ఇవాళ కొట్టిన మందు దండగ అన్నాడు. చివరగా నెమ్మదిగా అన్నాడు: "మీవల్ల కాకపోతే చెప్పండి. హైదరాబాదులో కొత్త కుర్రాడు ఖాళీగా ఉన్నాడట. రేపే పిలిపిస్తాను. వాడు ఈ తడీ పొడీ చూడడు."

మధుసూదనరావుకు ఉద్యోగం పోతుందన్న దిగులు కలగలేదు. ఆ కొత్త కుర్రాడి బూట్లు కళ్ల ముందు కనబడ్డాయి. ఆఫీసరు చెప్పింది నిజం, వాడు తడి చూడడు. ఈ నేల ఎండితే ఏ రంగో, తడిస్తే ఏ రంగో వాడికి తెలియదు.

"నేను ఊర్లోకి పోయొస్తాను" అన్నాడు.

జెండా మనుషులతో తిరిగొచ్చిన పీరా సాబ్‌ను జీపులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దగ్గరపడ్డాక పీరా సాబ్ గడ్డం గోక్కుంటూ "సార్, ఒగమాట. మేం పోయింది ఈ జీపులోనే గదా" అన్నాడు.

"అయితే?"

"కరెంటోళ్లు గుడక ఇట్లాంటి జీపులోనే వస్తారు. ఖాకీ రంగుది. వచ్చి అడిగేది గుడక అదే మాట. తీగె యాడుంది, తీగె యాడుంది అని. మేం అడిగితే వాళ్లు ఏమనుకొనింటారో?"

మధుసూదనరావు జీపు ఆపించాడు. స్తంభాల తీగకు కొక్కెం తగిలించి దొంగతనంగా కరెంటు లాక్కోవడం ఈ చుట్టుపక్కల కొత్త కాదు. జీపు వస్తోందంటే తీగ చుట్ట చుట్టి గడ్డివాములో దోపుతారు, జీపు పోతే మళ్లీ కడతారు. మందు కొట్టాక కొన్నాళ్లు ఎవరూ చేలో దిగకూడదు కాబట్టి, కొట్టే ముందురోజు రాత్రే నీళ్లు పెట్టుకుంటారు. అంటే విమానం వచ్చే పొద్దునే తీగ తప్పకుండా కట్టి ఉంటుంది.

"నిన్న మేం జీపులో పోకుండా ఉంటేనే మేలుండె" అన్నాడు పీరా సాబ్.

నల్లదొడ్డిలో శేషన్న అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. నలుగురూ చేరారు. ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు. విమానం తోలే మనిషిని దగ్గర నుంచి చూడడం అందరికీ అదే మొదలు.

"తీగెనా?" అన్నాడు శేషన్న ఆశ్చర్యంగా. "మా ఊర్లో తీగె యాడుంది సామీ? వీధిలో లైట్లకే దిక్కు ల్యా."

"మరి ఉరుకుందమ్మ చేను ఎట్ల తడిసింది?"

శేషన్న ఒక్కక్షణం ఆలోచించాడు. "మంచు."

వెనక నుంచి ఎవరో "ఆ మంచు మా సేన్లో గుడక పడితే బాగుండు అన్నా" అన్నారు. జనం కిసుక్కుమన్నారు.

ఆడవాళ్లలోంచి ఒకామె ముందుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది. "మంచు కాదు సామీ. నా సేనే అది. కపిల తోలినాం" అంది.

"ఎద్దులేవమ్మా?"

"ఎద్దులా? సంతకు పోయినాయి."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. ఉరుకుందమ్మ నవ్వలేదు. నవ్వుతున్నవాళ్ల మీది కోపం మధుసూదనరావు మీద చూపింది. "ఊరందరికీ కొడ్తానంటివి. శేషన్నకు కొడ్తివి. నా సేను కాడికి వచ్చేసరికి పైకి లేసిపోతివి. ఆకాశంలో తిరిగే మొగోడివి, లేని తీగెకు భయపడితే ఎట్ల సామీ?"

పీరా సాబ్ నేలను చూస్తున్నాడు. ఇలాంటి మాటకు మగవాడు ఏం జవాబు చెప్తాడో వినడానికి అందరూ కాచుకున్నారు.

"భయమేనమ్మా" అన్నాడు మధుసూదనరావు.

అతను చేతులు జేబుల్లోంచి తీశాడు. మజ్జిగ చెంబు అందుకుని పట్టుకున్నాడు. చెంబు వణికింది. మజ్జిగ అంచు దాటి మోకాలి మీద పడింది. తుడుచుకోలేదు.

"సూడు. దినమూ ఇంతే. నాతో సదివినోడు ఒకడు పోయిన సంవత్సరం తీగెకు తగిలినాడు. వాని బూట్లు నేనే తీసుకపోయి వాళ్లమ్మకిచ్చినా. ఆ యమ్మ బూట్లు పట్టుకోని, ఇవి మావాడివి కాదు అనింది. వాడు ఇంగా వస్తాడని." చెంబు కింద పెట్టాడు. "నేను కరెంటోన్ని కాదు. ఎవురికీ సెప్పను. తీగె తీసేయమని గుడక అనను. యాడుందో సెప్తే సాలు. రేపు పొద్దున మళ్లా వస్తా. నేను రాకుంటే ఇంకొకడు వస్తాడు. వానికి ఈ ఊరు తెలీదు."

ఎవరూ నవ్వలేదు. ఉరుకుందమ్మ అతని చేతుల వంక చూస్తోంది.

"పెండ్లయిందా?" అని అడిగింది.

"అయింది."

ఆమె శేషన్న వైపు చూసింది. శేషన్న మీసం సర్దుకున్నాడు. ఒక్కరు నోరు విప్పితే ఊరందరి తీగలూ బయటపడతాయని ఆ అరుగు మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. జీపు వీధి మధ్యలోనే నిలబడి ఉంది.

"తీగె ల్యా సామీ" అంది ఉరుకుందమ్మ. ఈసారి తల దించుకుని అంది.

మరునాడు పొద్దున గంగాబాయి సగం గ్లాసు కాఫీ ఇచ్చింది. అతను ముట్టలేదు. "ఈ పూట వద్దనుకుంటే పోకండి" అంది. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి. "పోకపోతే ఇంకొకడు పోతాడు" అన్నాడతను. బెల్టు బిగించుకుని, గుమ్మం దాటాడు. వెనక్కి చూస్తే ఆగిపోతాడని చూడలేదు.

నేల వదిలాడు. పెడలు మీద పాదం ఉందో లేదో తెలియడం లేదు. చేలన్నీ మామూలుగానే ఉన్నాయి, జొన్న, ఆముదం, పత్తి. ఎక్కడో ఒకచోట, చిటికెన వేలంత లావు లేనిది, తన మెడ ఎత్తులో కట్టి ఉంది. ఆ చేను దగ్గరపడే కొద్దీ అతనికి తన మెడ బరువుగా తోచింది.

నల్లదొడ్డి మీద ఎత్తులో ఒక చుట్టు తిరిగాడు. ఏమీ కనబడలేదు. ఆ కొసనా ఈ కొసనా రెండు తెల్లజెండాలు. మధ్యలో ఉరుకుందమ్మ చేను, నల్లగా, తడిగా.

ఇంకొంచెం దిగి రెండో చుట్టు తిరిగాడు. అప్పుడు చేను నట్టనడుమ ఎర్రగా ఏదో కదిలింది.

ఎవరో ఆడమనిషి చేలో దిగిందనుకున్నాడు. మందు పడితే చచ్చిపోతుంది. ఇంకా కిందికి దిగి చూశాడు. ఆ ఎరుపుకు తల లేదు. కాళ్లు లేవు. నేలకు ఆనలేదు. పత్తి చెట్ల మీద, గాలిలో, ఏ ఆధారమూ లేకుండా వేలాడుతోంది. యెమ్మిగనూరు నేత చీర ఒకటి, నిలువునా జారవిడిచి ఆరేసినట్టు. దానికి అటు కొంచెం దూరంలో తెల్ల రవిక. ఇటు ఒక పసుపు తువ్వాల. మూడూ ఒకే గీతలో ఉన్నాయి. గీత మాత్రం కనబడలేదు.

అతనికి అర్థం కావడానికి ఒక చుట్టు పట్టింది. అది అయ్యేలోగా ఇంకొకటి కనబడింది. పీరా సాబ్ జెండా పడేసి చేలోకి పరుగెత్తుతున్నాడు.

విమానం వచ్చే పొద్దున ఆరుబయట బట్టలు ఆరేయకూడదని, నీళ్ల కుండలు మూసుకోవాలని, గొడ్లను విడవకూడదని ముందురోజు ఊరూరా దండోరా వేయించేది పీరా సాబే. మందు పడిన గుడ్డ కడితే ఒళ్లంతా పుళ్లు. దండోరా వేయించినా వినకుండా ఏ తెలివితక్కువదో చేలో చీర ఆరేసిందనుకుని, దాన్ని లాగేసి రావడానికి పరుగెత్తుతున్నాడు.

"వద్దు!" అని మధుసూదనరావు అరిచాడు. ఇంజను హోరులో ఆ అరుపు తన చెవికే వినబడలేదు. ఆ చీర పోతే తీగ మళ్లీ మాయమవుతుంది. ఇంకా ఘోరం, తీగలో కరెంటు ఉందేమో. కిందికి దూకి చెప్పలేడు. తల మీదుగా పోతే, మందు వదలబోతున్నారనుకుని పీరా సాబ్ ఇంకా తొందరపడతాడు. చేయగలిగింది ఏమీ లేక గుండ్రంగా తిరుగుతూ చూశాడు. కింద ఆ మనిషి తడిలో జారి పడ్డాడు, లేచాడు, తువ్వాల కప్పిన తల వంచుకుని ఉరికాడు, చీర కొంగు అందుకున్నాడు, లాగాడు.

చీర రాలేదు. ముడి వేసి ఉంది. పీరా సాబ్ ఇంకోసారి లాగి, ముడి ఎక్కడుందో చూడడానికి తువ్వాల తొలగించి తల పైకెత్తాడు.

అట్లాగే నిలబడిపోయాడు. పైనుంచి చూస్తుంటే చేలో పాతిన కర్రలా ఉన్నాడు. కాసేపటికి చీర కొంగును మెల్లగా వదిలి, దాన్ని మళ్లీ నిలువుగా సర్ది, వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటూ చేను బయటికి నడిచాడు. జెండా తీసుకున్నాడు. నిన్న నిలబడినచోట నిలబడలేదు. తీగకు పక్కగా, దాని వెంబడే విమానం పోయేటట్టు చోటు మార్చుకుని నిలబడ్డాడు. ఆ కొసనున్న మనిషిని కూడా కేకలేసి జరిపించాడు.

మధుసూదనరావు కిందికి దిగాడు. చీరకు ఇటుపక్క సాళ్లు తీశాడు, తర్వాత అటుపక్క తీశాడు. ఒక్కో సాలులోనూ ఆ ఎరుపు రెక్క కొసకు అవతల తళుక్కుమని వెనక్కి పోయేది. భయం ఏమాత్రం తగ్గలేదు. తీగ ఉందేమో అన్న భయం పోయి తీగ ఉందన్న భయం వచ్చింది. దానితో మాత్రం పని చేయవచ్చు. తీగ కింది పట్టీ వదిలేశాడు. చీర మీద మందు పడి ముద్దగా తడిసి నల్లబడింది. ఇక దాన్ని ఎవరూ కట్టరు.

చేను పూర్తిచేసి పైకి లేచాడు. మిగిలిన చేల వైపు తిరగబోతూ ఊరి మీదుగా చూశాడు.

ఇందాక ఉరుకుందమ్మ చేను తప్ప ఇంకేదీ చూడలేదు, ఇప్పుడు చూస్తే ఊరంతా ఒకే రోజు బట్టలు ఉతికినట్టుంది. అక్కడొక పంచె, ఇక్కడొక దుప్పటి, ఇంకోచోట వరుసగా గోనెసంచులు. ఉరుకుందమ్మ ఒక్కతే బయటపడకుండా మిగతావాళ్లూ ఆరేశారో, ఆమె తిట్టి ఆరేయించిందో. ప్రతి గుడ్డ కింద ఒక చేను, ప్రతి చేను మీద ఒక తీగ. ఇవాళ కొట్టాల్సినవి కొన్ని. ఒకటి నిన్న కొట్టేసినది.

శేషన్న చేను మీదికి వచ్చేసరికి చూపు ఆగిపోయింది. పడమటి గట్టు పొడవునా, ఆ కొస నుంచి ఈ కొసకు, జరీ అంచు పంచె, దాని పక్కన ఉత్తరీయం. తూర్పు పడమరలుగా సాళ్లు తీసి ఉంటే, చేను కొసన ముక్కు పైకెత్తే ముందే ఆ పంచె ఎత్తులో విమానం ఉండేది. ఎండ కళ్లలో పడిందని దిక్కు మార్చుకున్నాడు. అంతకంటే వేరే కారణం లేదు. తన తెలివి లేదు, జాగ్రత్త లేదు. ఎండ కళ్లలో పడింది.

గుడ్డలు చూసుకుంటూ మిగిలిన చేలూ కొట్టి, ఆదోనిలో దిగి ఇంజను ఆపాక సీటులోంచి లేవలేకపోయాడు. ఆఫీసరు వచ్చి శభాష్ అన్నాడు, రేపు కోసిగి పక్క ఊళ్లు అన్నాడు. అతను తల ఊపాడు. ఆఫీసరు వెళ్లిపోయాక కూడా అక్కడే కూర్చున్నాడు. పీరా సాబ్ జీపు దిగి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద.

"దిగండి సార్."

"ఉండు. కాళ్లు రాలేదు ఇంగా."

పీరా సాబ్ రెక్క నీడలో గొంతుకూర్చున్నాడు. "కొక్కెం రాత్రే తీసేసిందంట సార్ ఆ యమ్మ. లేకుంటే నేను ఆడనే పోతుంటి. తీగె గుడక తీసేసుంటే అయిపోతుండె గదా అని అడిగినా. 'తీసినా అని సెప్తే మీ సారు నమ్మునా?' అనింది."

మధుసూదనరావు ఆలోచించాడు. నమ్మేవాడు కాదు.

"నిన్న శేషన్న సేన్లో పడమటి గట్టు మీద తీగె ఉండె. సూసినావా?"

"లేదు సార్." పీరా సాబ్ గొంతు తగ్గింది. "మందు మీద పడతాదని తువ్వాల కప్పుకుంటాం గదా. విమానాన్ని తప్ప ఇంకో దిక్కు సూడం. ఇన్ని దినాలూ అంతే. ఎవురూ సూడ్లేదు."

ట్యాంకరు వాడు పీపాలు దొర్లిస్తున్న చప్పుడు వస్తోంది. మధుసూదనరావు బెల్టు విప్పుకుని, రెక్క పట్టుకుని కిందికి దిగాడు. పీరా సాబ్ జబ్బ పట్టుకున్నాడు.

"రేపు కోసిగి పక్క కొట్టల్ల" అన్నాడు మధుసూదనరావు. "ఈపొద్దే పోదాం. జీపు వద్దు. బస్సులో పోదాం."

"పోయి ఏమని అడగల్ల సార్? తీగె యాడుందని అడిగితే వాళ్లు గుడక ల్యా అంటారు."

"అడగొద్దు. మా పైలట్‌కు భయం అని సెప్పు. అది సెప్పి ఊరికే కూసుందాం."

పీరా సాబ్ తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"సరే సార్. నాది గుడక కలిపి సెప్తా."